గిరీశం పాఠం చెప్పకముందే

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పదహారేళ్ళ ఆడపిల్ల ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా గుమ్మం దాటగలిగే చోట్లు ఎన్ని? చదువుకుంటుంటే బడి, కాలేజీ. చదువు మానేస్తే పొలం. ఆ తర్వాత మిగిలింది గుడి, లేదా చర్చి. సినిమాకి వెళ్తానంటే తిట్టే తండ్రి భజనకంటే ఊరుకుంటాడు. స్నేహితురాలి ఇంటికి వెళ్తానంటే "ఏటి పని?" అని అడిగే తల్లి, పాటల ప్రాక్టీసుకంటే తలదువ్వి మరీ పంపిస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుప్పావై, కార్తీకంలో దీపాలు, అరసవల్లిలో రథసప్తమి, విజయనగరంలో పైడితల్లి సిరిమాను, ఆదివారం ఆరాధన, యవ్వనస్తుల కూడిక, డిసెంబరులో క్రిస్మస్ క్యారల్స్. మతం మన ఆడపిల్లల మీద ఎన్నో కట్టుబాట్లు పెట్టిందన్నది నిజమే. కానీ వాళ్ళకి కాస్త బయటి గాలి దొరికేదీ అక్కడే అన్నది కూడా అంతే నిజం.

వయసు ఎక్కడికి వెళ్తే ఇష్టాలు కూడా వెంటే వెళ్తాయి. కాబట్టి మన జిల్లాల్లో చాలా ప్రేమలు పార్కుల్లోనో సినిమా హాళ్ళలోనో మొదలవవు. తబలా వాయించే కుర్రాడికీ పాట అందుకునే పిల్లకీ మధ్య మొదలవుతాయి. ఆ ఇద్దరూ భక్తి లేనివాళ్ళు కాదు. నిజంగా నమ్మేవాళ్ళు, ఉపవాసాలుండేవాళ్ళు, మాల వేసుకునేవాళ్ళు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. వాళ్ళ మనసులో ఒకేసారి రెండు మొలకెత్తుతాయి. ఒకటి ఇష్టం, రెండోది భయం. ఇష్టం గురించి మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. భయం గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం కావలసినంతమంది!

ఈ సంచికలో నేను ఈ పిల్లల గురించి రాయాలనుకుంటున్నాను. లైంగిక విద్య గురించి మనం ఎంతో చర్చించుకున్నాం. బడిలో చెప్పాలా వద్దా, ఏ తరగతి నుంచి చెప్పాలి, ఎవరు చెప్పాలి అని వాదించుకున్నాం. కానీ దైవభక్తి గల యువతీయువకులకి దాన్ని ఎలా చెప్పాలన్న ప్రశ్న ఎప్పుడూ పక్కకే పోతోంది. వాళ్ళకి ఇవి అక్కర్లేదని పెద్దలు అనుకుంటారు. వాళ్ళు వినరని కార్యకర్తలు అనుకుంటారు. ఈ రెండు అంచనాల మధ్య ఆ పిల్లలు ఒంటరిగా మిగిలిపోతున్నారు.

ఒంటరిగా మిగిలిన ఆడపిల్లకి ఏం జరుగుతుందో మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కథ మన గడ్డ మీదే రాశారు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది, పూర్తిగా తిరగరాసిన రూపం 1909లో వచ్చింది. తొలి ముద్రణ ముందుమాటలో గురజాడ ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తీయిస్తే 1,034 తేలాయి. వాటిలో 99 మంది పెళ్ళికూతుళ్ళు అయిదేళ్ళవాళ్ళు, 44 మంది నాలుగేళ్ళవాళ్ళు, 36 మంది మూడేళ్ళవాళ్ళు, ఆరుగురు రెండేళ్ళవాళ్ళు, ముగ్గురు ఏడాది పసికందులు! ఈ పెళ్ళిళ్ళన్నీ శాస్త్రోక్తంగా, మంత్రాలతోనే జరిగాయి.

ఆ నాటకంలో బుచ్చమ్మని మనం అమాయకురాలంటాం, జాలిపడతాం. ఆమె స్థితిని ఒక్కసారి వేరే కోణం నుంచి చూడండి. ముసలివాడికి అమ్మేస్తే చిన్నతనంలోనే వైధవ్యం వచ్చి పుట్టింట్లో పడి ఉన్న పిల్ల ఆమె. భక్తి ఉంది, పెద్దలంటే గౌరవం ఉంది. తన శరీరం గురించీ మనసు గురించీ ఆ ఇంట్లో ఆమెతో ఒక్కరూ మాట్లాడలేదు. తండ్రి అగ్నిహోత్రావధాన్లుకి కోపమే తప్ప మాట లేదు. తల్లికి కన్నీళ్ళే తప్ప మాట లేదు. అలాంటి ఇంటికి ట్యూషను మాస్టరుగా గిరీశం వచ్చాడు. ప్రేమ గురించీ పెళ్ళి గురించీ ఆమెతో మాట్లాడిన మొదటి మనిషి అతనే. శాస్త్రాలు కూడా తన పక్షానే ఉన్నాయని నమ్మించాడు. ఆమె భక్తినే ఆమెను లోబరచుకునే సాధనం చేసుకున్నాడు. బుచ్చమ్మ మోసపోయింది భక్తి ఉన్నందుకు కాదు. ఆమెకి పాఠం చెప్పినవాడు గిరీశం ఒక్కడే కావడం వల్ల. అదే నాటకంలో మీనాక్షిని చూడండి. ఆమెదీ వైధవ్యమే. ఆమె నిస్సహాయతని రామప్పపంతులు ఎలా వాడుకున్నాడో మనకి తెలుసు.

నూటముప్ఫై ఏళ్ళు దాటాయి. గిరీశం చచ్చిపోయాడా? లేదు. మాటలు మార్చాడు, చేతిలోకి సెల్‌ఫోను వచ్చింది. ఆడపిల్లల సమావేశాల్లో పేరు రాయకుండా ప్రశ్నలు వేయమని ఒక డబ్బా పెట్టడం చాలామంది కార్యకర్తలకి అలవాటే. అలాంటి డబ్బాల్లోంచి నేను విప్పి చదివిన చీటీల్లో మళ్ళీమళ్ళీ కనిపించే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. "ముద్దు పెట్టుకుంటే కడుపొచ్చేస్తాదా?" అన్నది ఒకటి. "నెలసరిలో ఉన్నప్పుడు ప్రార్థన చేస్తే దేముడికి కోపమొస్తాదా?" అన్నది ఇంకొకటి. "నాకు అలాంటి ఆలోచనలొస్తన్నాయి, నేను చెడిపోయినట్టేనా?" అని మరొకటి. ఇవన్నీ ఒక ఎత్తు, ఈ చీటీ ఒక్కటీ ఒక ఎత్తు: "కొండ మీద గుళ్ళో నా మెడలో పసుపుతాడు కట్టీసినాడు. ఇంట్లో తెలీదు. ఇప్పుడు నాను ఆడి పెళ్ళాన్నే కదా?"

ఈ ప్రశ్న ముందు మనం ఆగాలి. పెళ్ళికి ముందు శరీర సంబంధం పాపమని ఆ పిల్ల మనస్ఫూర్తిగా నమ్ముతుంది. అందుకే ఆమె ఒప్పుకోదు. ఆమె ఒప్పుకోదని తెలిసినవాడు దానికి విరుగుడు కూడా అక్కడే వెతుక్కుంటాడు. గుళ్ళో ఒక పసుపుతాడు. అదే చర్చికి వెళ్ళే పిల్లయితే బైబిలు మీద చెయ్యి వేసి ఒక ప్రమాణం, "దేవుని దృష్టిలో మనం భార్యాభర్తలమే" అన్న ఒక మాట. దాంతో పిల్ల మనసులో ఉన్న అడ్డు తొలగిపోతుంది. ఇక కాదనడానికి ఆమె దగ్గర మాట మిగలదు. భర్త అయినప్పుడు కాదనకూడదని కదా చిన్నప్పటినుంచీ నేర్పాం! నెలలు గడిచాక అతను పనికని హైదరాబాదో చెన్నయో వెళ్ళిపోతాడు. పసుపుతాడు పెట్టెలో ఉంటుంది, పిల్ల కడుపుతో ఉంటుంది. కుర్రాళ్ళందరూ మోసగాళ్ళని నేననడం లేదు. చాలామంది ఆ ప్రమాణాన్ని అమ్మాయంత గట్టిగానూ నమ్ముతారు. వాళ్ళకీ ఎవరూ ఏమీ చెప్పలేదు. మోసమైనా అమాయకత్వమైనా దాని బరువు మోసేది మాత్రం ఆమే.

ఆ పిల్లకి తెలియాల్సిన విషయాలు నిజానికి చాలా కొంచెం. దేవుడి ముందు కట్టినా, చెట్టు కింద కట్టినా రహస్యంగా మెడలో పడిన తాడు చట్టం ముందు పెళ్ళిని రుజువు చెయ్యదు. హిందూ వివాహానికి వాళ్ళ వాళ్ళ ఆచారం ప్రకారం తంతు జరగాలి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారం ఉన్న పాదిరి గాని రిజిస్ట్రారు గాని ఇద్దరు సాక్షుల ముందు జరిపించాలి. పిల్లకి పద్ధెనిమిది, కుర్రాడికి ఇరవై ఒకటి నిండాలి. పద్ధెనిమిది నిండకుండా జరిగిన పెళ్ళిని రద్దు చేయమని 2006 బాల్యవివాహ నిషేధ చట్టం కింద ఆ పిల్ల ఇరవై ఏళ్ళు నిండేలోగా కోర్టుని అడగొచ్చు. చేసుకునే ఉద్దేశం లేకుండా పెళ్ళి మాట ఇచ్చి శరీర సంబంధం పెట్టుకోవడం, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 69వ సెక్షను ప్రకారం పదేళ్ళ దాకా శిక్ష పడే నేరం. వీటన్నిటి కంటే ముందు ఒకటి తెలియాలి. పెళ్ళయినా కాకపోయినా, ఇష్టం లేనప్పుడు కాదనే హక్కు ఆమెది. ఇందులో ఏ ఒక్క మాటా ఏ దేవుడికీ వ్యతిరేకం కాదు. మరి ఎందుకు చెప్పడం లేదు?

చెప్పడం మొదలుపెట్టగానే వచ్చే అభ్యంతరం మనందరికీ కంఠతా వచ్చినదే. "చెప్తే చెడిపోతారు." కేంద్ర ప్రభుత్వం 2005లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థతో కలిసి బడుల కోసం కౌమార విద్యా కార్యక్రమం తెచ్చింది. 2007 నాటికి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక వంటి రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో వెంకయ్యనాయుడుగారు అధ్యక్షుడిగా ఉన్న రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య ఉండకూడదని నివేదిక ఇచ్చింది. మన సంస్కృతికి సరిపడదన్నదే అందులో ప్రధానమైన వాదం. ఆ మాట తిరిగి తిరిగి ప్రతి స్టాఫ్‌రూములోకీ వచ్చింది. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం రాగానే "ఇది మీరే చదువుకోండి" అనడం మామూలైపోయింది.

కానీ అనుభవం ఏం చెబుతోంది? ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలను పోగుచేసి యునెస్కో 2018లో మార్గదర్శకాలు సవరించి ప్రచురించింది. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడడం లేదని, సరిగా చెప్పినచోట ఆలస్యం చేస్తున్నారని, జాగ్రత్తలు తీసుకుంటున్నారని అందులో ఉంది. మతవిశ్వాసం గల యువత గురించి అమెరికాలో జరిగిన పరిశీలన మనకి ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ 1993లో దక్షిణ బాప్టిస్టులు పెళ్ళిదాకా ఆగుతామని యువతతో ప్రతిజ్ఞలు చేయించే ఉద్యమం మొదలుపెట్టారు. లక్షలమంది సంతకాలు చేశారు. జానెట్ రోజెన్‌బామ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతిజ్ఞ చేసినవాళ్ళనీ, అన్ని విధాలా వాళ్ళలాంటివాళ్ళే అయి ప్రతిజ్ఞ చేయనివాళ్ళనీ అయిదేళ్ళ తర్వాత పోల్చి చూశారు. శరీర సంబంధాల విషయంలో ఇద్దరికీ తేడా లేదు. తేడా ఉన్నది ఒక్కచోటే. ప్రతిజ్ఞ చేసినవాళ్ళు గర్భనిరోధక సాధనాలు వాడడం తక్కువ! ప్రతిజ్ఞ ఆపలేకపోయింది గాని, జాగ్రత్త పడకుండా మాత్రం చేసింది. పాపమని నమ్మేవాళ్ళు పాపానికి ముందే సిద్ధపడరు కదా. సిద్ధపడితే ముందే అనుకుని చేసినట్టవుతుంది. కండోము కొనడం కంటే "ఏదో జరిగిపోయింది" అనుకోవడం మనసుకి తేలిక. భక్తి గల పిల్లలకి విషయం తెలియడం మిగతావాళ్ళ కంటే ఎక్కువ అవసరమని నేననేది ఇందుకే.

తెలుగులో ఈ విషయాలు నలుగురికీ చేరేలా రాసినవారిలో డాక్టర్ సమరంగారి పేరు అందరికీ తెలుసు. 'స్వాతి' వారపత్రికలో ఆయన జవాబులు తరాల తరబడి చదివారు, దిండు కింద దాచుకుని మరీ చదివారు. ఆయన నాస్తికోద్యమ నాయకులు గోరాగారి కుమారుడు. నాస్తిక కుటుంబం నుంచి ఈ పని జరగడం గర్వించదగ్గదే. అయితే దాన్ని సాకుగా తీసుకుని "ఇవి దేవుణ్ణి నమ్మనివాళ్ళు మాట్లాడే మాటలు" అని పక్కన పెట్టినవాళ్ళూ ఉన్నారు. శరీరం నాస్తికులకి ఒక రకంగా, ఆస్తికులకి ఒక రకంగా పనిచెయ్యదు. అండం విడుదలయ్యేటప్పుడు అది ఏ మతం పిల్లో చూసుకోదు.

చెప్పాలన్న మనసున్నా భాష అడ్డం వస్తోంది. మన పుస్తకాల్లో ఉన్న మాటలు చూడండి: బీజకోశము, గర్భాశయ ముఖద్వారము, ప్రత్యుత్పత్తి అవయవములు. ఈ మాటలు ఇంట్లో ఎవరూ అనరు. ఇంట్లో, వీధిలో ఉన్న మాటలు తిట్లు. పవిత్రమైన సంస్కృతానికీ పచ్చి బూతుకీ మధ్య మన పిల్లలకి తమ శరీరం గురించి చెప్పుకోవడానికి ఒక మామూలు తెలుగు మాట మిగలలేదు. ఈ విషయంలో మనకి మార్గం చూపినవాడు కూడా మన ప్రాంతం వాడే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు, మనుషులు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని జీవితాంతం పోరాడారు. సవర పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, నిఘంటువు తయారుచేశారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవమని జరుపుకుంటున్నాం. కానీ ఆడపిల్ల శరీరం దగ్గరికి వచ్చేసరికి ఇంకా గ్రాంథికంలోనే ఉన్నాం! "పెద్దమనిషయింది", "ముట్టు", "నీళ్ళోసుకుంది" అనే మాటలు మన అమ్మమ్మలవి. వాటితో మొదలుపెట్టి, లేనిచోట కొత్త మాటలు మనమే పుట్టించుకోవాలి.

మతం దగ్గర కూడా మనం వాడుకోగలిగే మాటలు లేకపోలేదు. మంచి మొగుడు రావాలని పెళ్ళికాని పిల్లల చేత మన ఇళ్ళలో పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణం చదివిస్తారు. ఆ కథ ఏమిటి? అన్న కుదిర్చిన సంబంధం ఇష్టం లేని ఒక అమ్మాయి, తను మనసుపడ్డవాడికి కబురు పంపి, వచ్చి తీసుకువెళ్ళమని అడిగి, అతని రథమెక్కింది. దాన్ని భక్తితో చదివిన పిల్లే ఫోనులో ఒక మెసేజీ పంపితే ఆ ఇంట్లోనే చావబాదుతారు. బైబిల్లో పరమగీతము ఉంది. స్త్రీపురుషుల ప్రేమని, ఒకరి శరీరం పట్ల ఒకరి ఇష్టాన్ని సిగ్గుపడకుండా పాడిన గ్రంథం అది. మన యవ్వనస్తుల కూడికల్లో ఎక్కువగా వినిపించేది పోతీఫరు భార్య కథ. అంటే ఆడది వలవేస్తుంది, మగవాడు పారిపోవాలి అని. ఇస్లాంలో వధువు సమ్మతి లేకుండా నిఖా లేదు. ముట్టు గురించీ స్నానం గురించీ ఆ మత బోధనల్లో దాపరికం లేకుండా మాట్లాడతారు. సీతంపేట ఏజెన్సీలో సవర, జాతాపు సమాజాల్లో ఇష్టపడ్డ ఇద్దరూ వెళ్ళిపోతే, తర్వాత పెద్దలు కూర్చుని ఓలి తేల్చుకుని ఒప్పుకునే ఆచారం ఉంది. మరీ చిన్న వయసులో జరిగే పెళ్ళిళ్ళూ కాన్పులూ అక్కడి ఆడపిల్లల్ని కుంగదీస్తున్నాయి కాబట్టి దాన్ని ఆకాశానికెత్తలేం. అయినా ఇష్టపడడమే నేరమని ఆ ఆచారం అనలేదు.

దీనికి మన స్త్రీ సంఘాల్లోనే ఒక అభ్యంతరం ఉంది. మతాలన్నీ పితృస్వామ్యానికి కొమ్ముకాసేవే కదా, వాటి గుమ్మం దగ్గరికి వెళ్ళి మనం మాట్లాడడం ఎందుకు, వాటికి గౌరవం ఇవ్వడం ఎందుకు అని. ఈ వాదంలో బలముంది. తప్పు ఇద్దరిదైనా చర్చి క్రమశిక్షణ పేరుతో సంఘం ముందు నిలబెట్టేది, బల్ల దగ్గరికి రానివ్వనిది ఎక్కువగా ఆడపిల్లనే. గుడి కమిటీల్లో, సంఘపెద్దల్లో ఆడవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. భక్తి చాటున పిల్లల మీద చెయ్యి వేసే స్వాములూ పాదిర్లూ మౌల్వీలూ లేరని ఎవరూ అనలేరు. పూజారి అయినా పాదిరి అయినా ముట్టుకోకూడని చోట ముట్టుకుంటే అది నేరమేనని, 1098కి ఫోను చేయొచ్చని పిల్లలకి చెప్పి తీరాలి. ఇందులో రాజీ లేదు.

కానీ ఆ పిల్లకి "నీ దేవుణ్ణి వదిలెయ్, అప్పుడు నీ హక్కులు చెప్తాను" అనడం హక్కుల భాష కాదు. ఆమెకి నమ్మే హక్కు కూడా ఉంది. పెళ్ళిదాకా ఆగుతానని తనంతట తాను అనుకునే హక్కూ ఉంది. ఆగడం ఆమె నిర్ణయమైతే దాన్ని గౌరవించాలి. భయంతో, తెలియనితనంతో జరిగేది నిర్ణయమే కాదు. తెలిసి ఆగడమూ, తెలిసి ఒప్పుకోవడమూ, తెలిసి కాదనడమూ, ఈ మూడూ ఆమెకి అందుబాటులో ఉండాలి. మతం తన మాట తాను చెప్పుకోవచ్చు. కానీ శరీరం గురించిన సమాచారాన్ని దాచిపెట్టే అధికారం మాత్రం ఏ మతానికీ లేదు.

తెలియకపోతే పోయేది ఏమిటో లెక్కలు చెబుతున్నాయి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతానికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయిపోయిందని తేలింది. దేశం సగటు 23.3 శాతం. 15-19 ఏళ్ళ పిల్లల్లో సర్వే నాటికే తల్లులైనవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు కలిపి 12.6 శాతం. దేశం సగటు 6.8 శాతం. అంటే దాదాపు రెట్టింపు. పిల్ల ఎవరితోనో మాట్లాడుతోందని తెలియగానే మేనబావకో దూరపు సంబంధానికో హడావుడిగా ముడిపెట్టేసే ఇళ్ళు మనందరికీ తెలుసు. ప్రేమకి మందు పెళ్ళని పెద్దలనుకుంటారు. పదహారేళ్ళకి తెలియని మనిషితో పడక పంచుకోమంటే పాపం కాదు, తెలిసిన మనిషితో మాట్లాడితే పాపం!

పెళ్ళి చేయకపోతే రెండో దారి పోలీసు స్టేషను. 2012 పోక్సో చట్టం పిల్లలని కాపాడడానికి వచ్చిన గొప్ప చట్టం. దానికోసం మనమూ పోరాడాం. అదే చట్టం సమ్మతి వయసుని పదహారు నుంచి పద్ధెనిమిదికి పెంచింది. దాంతో పదిహేడేళ్ళ పిల్ల ఇష్టపడి వెళ్ళినా కుర్రాడు నేరస్తుడే. ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లో 2016-2020 మధ్య వచ్చిన 7,064 పోక్సో తీర్పులు చదివితే, వాటిలో 1,715 ప్రేమ వ్యవహారాలుగా తేలాయి. అంటే ప్రతి నాలుగింటిలో సుమారు ఒకటి. అలాంటి కేసుల్లో ఫిర్యాదులు ఎక్కువగా పిల్ల తరఫు కుటుంబాల నుంచే వచ్చాయి. కులం, మతం వేరైతే పగ ఇంకా పెరుగుతుంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ని చంపించింది ఏమిటి? బడిలో మొదలైన స్నేహం, దళిత క్రైస్తవ కుర్రాడు, వైశ్య కుటుంబపు అమ్మాయి. వాళ్ళిద్దరూ మేజర్లే, పెళ్ళి చేసుకున్నవాళ్ళే. అయినా బతకనివ్వలేదు. సమ్మతి వయసు తగ్గించవద్దని 2023లో లా కమిషన్ చెప్పింది. ఆ చర్చ సాగుతూనే ఉంటుంది. అంతదాకా చట్టం ఏమంటోందో పిల్లలిద్దరికీ తెలియాలి కదా! ఏ నేరమో కూడా తెలియకుండా జైలుకెళ్ళే కుర్రాడు, హోములో కూర్చుని ఏడ్చే అమ్మాయి, ఇద్దరూ మన పిల్లలే.

గర్భం వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా కార్యకర్తలుగా మనం సరిగ్గా చెప్పగలగాలి. ఆర్.ఎం.పి. ఇచ్చే మాత్రలతో, నాటు మందులతో ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం పెళ్ళికాని స్త్రీలకి కూడా వర్తిస్తుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెళ్ళయినవాళ్ళకీ కానివాళ్ళకీ తేడా చూపకూడదంది. మైనరు పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు డాక్టరు బయటపెట్టనక్కర్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఈ ఒక్క వాక్యం తెలియక ఎన్ని కుటుంబాలు ప్రభుత్వాసుపత్రి గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతున్నాయో!

మరి మనం చేయవలసిందేమిటి? పెద్ద ప్రణాళికలేమీ అక్కర్లేదు. మన ఊళ్ళో భజన బృందాన్ని నడిపే అక్క ఎవరో, ఆదివారం బడి చెప్పే టీచరమ్మ ఎవరో, పాదిరిగారి భార్య ఎవరో మనకి తెలుసు. ఆడపిల్లలు మనసు విప్పేది వాళ్ళ దగ్గరే. ముందు వాళ్ళతో కూర్చోవాలి. ఏఎన్ఎంని, ఆశా కార్యకర్తని, అంగన్‌వాడీ టీచరుని వెంటబెట్టుకుని వెళ్ళాలి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద కౌమార వయసు పిల్లలకి సలహాలివ్వడం ఆరోగ్యశాఖ బాధ్యత. అది మన మండలంలో జరుగుతోందా అని అడగాలి. ప్రశ్నల డబ్బా గుళ్ళోనూ పెట్టొచ్చు, చర్చిలోనూ పెట్టొచ్చు, కస్తూర్బా బడిలోనూ పెట్టొచ్చు. మగపిల్లలకి వేరుగా చెప్పాలి, తర్వాత ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాలి. కాదంటే కాదనే అర్థమని మగపిల్లవాడికి నేర్పకుండా ఆడపిల్లకి ఎన్ని జాగ్రత్తలు నేర్పినా సగం పనే. ముఖ్యంగా రహస్య తాళి గురించి, బైబిలు మీది ప్రమాణం గురించి పూజారులూ పాదిర్లూ నోరు తెరిచి చెప్పాలి: "అది పెళ్ళి కాదు. ఆ మాట చెప్పి నిన్ను ఎవరైనా అడిగితే నమ్మొద్దు." ఈ మాట మనం నూరుసార్లు చెప్పడం కంటే వాళ్ళు ఒక్కసారి చెప్తే ఎక్కువమంది వింటారు. చెప్పమని అడిగే బాధ్యత మనది, చెప్పనివాళ్ళని నిలదీసే బాధ్యత కూడా మనదే.

'కన్యాశుల్కం' చివర్లో సౌజన్యారావు పంతులు బుచ్చమ్మని చదువుకోవడానికి పూనాలోని వితంతు శరణాలయానికి పంపించే ఏర్పాటు చేస్తాడు. ఆమెకి చదువు దక్కింది, కానీ ఇల్లు వదిలాక, మోసం బయటపడ్డాక. మన పిల్లలకి అంత ఖరీదు చెల్లించాక కాదు, ముందే చదువు కావాలి. వచ్చే ధనుర్మాసానికి, వచ్చే క్రిస్మస్‌కి మన ఊళ్ళో ఒక్క చోటైనా ఈ మాట మొదలుపెడదాం. ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో, పిల్లలు ఏమడిగారో, పెద్దలు ఏమన్నారో పేర్లు లేకుండా మాకు రాయండి. వచ్చే సంచికల్లో ఆ ప్రశ్నలకి చోటిస్తాం.